మొదటి ముంత

అలివేలమ్మ తాగందే దాసరమిట్ట కల్లుపాకలో ఎవరూ ముంత ఎత్తరు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. ఆమె అత్త కాలానికే ఉంది. చెట్ల మీద నుంచి దించిన లొట్లు పాకలోకి రాగానే, అమ్మే మనిషి ఒక్కో లొట్టిలోది ఒక గుక్క ముంతలోకి వంచుకుని, అందరూ చూస్తుండగా తాగి, ముక్కుతో ఒకసారి గాలి వదిలి, "బాగుండాది" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే తక్కినవాళ్ల చేతులు ముందుకొస్తాయి. బాగాలేదంటే ఆ లొట్టి ఎవరిదైనా సరే, ఎంతసేపు చెట్టు మీద కష్టపడి తెచ్చినా సరే, పాక వెనక మట్టిలో పోసేయాల్సిందే.

పలమనేరు నుంచి వచ్చే పెద్దరోడ్డు దిగి మట్టిబాటలో అర కిలోమీటరు నడిస్తే ఆ ఊరి చక్రధర్ వాళ్ల పొలం గట్లు వస్తాయి. గట్ల మీద ముప్పై దాకా ఈతచెట్లు. ఒక ఏడు తూర్పు పక్క గీస్తే మరుసటేడు పడమర పక్క గీయాలి కాబట్టి, పాత చెట్ల మానులు మెట్లు మెట్లుగా అటొక వంపు ఇటొక వంపు తిరిగి ఉంటాయి. ఆ మెట్లు లెక్కబెడితే ఏ చెట్టును ఎన్నేళ్లుగా గీస్తున్నారో తెలిసిపోతుంది. గట్టు చివర నాలుగు గుంజల మీద ఈతాకు కప్పిన పాక. అందులో ఒక పలక మీద నలభై ఏళ్లుగా అలివేలమ్మ కూర్చుంటోంది.

ఆమె పుట్టిల్లు కాణిపాకం. తండ్రి గుడి బయట కొబ్బరికాయలు, కర్పూరం, ఊదుబత్తీలు అమ్మేవాడు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే కళ్లు మూసుకుని ఏ ఊదుబత్తి ఏ పెట్టెలోదో చెప్పేది. చెమ్మ తగిలిన కర్పూరాన్ని పొట్లం విప్పకుండానే పక్కన పెట్టేది. ఆ ముక్కు విలువ కనిపెట్టింది మాత్రం అత్త. పెళ్లయిన నెలలోపే ఒక ఉదయం కొత్తకోడలు పాకలోకి మజ్జిగ తెచ్చి, కల్లు తొందరగా పులవకుండా లోపల సున్నం పూసిన లొట్టి ఒకదాని వాసన పీల్చి, "దీనికి సున్నం ఎక్కువ పూసినారు" అంది. ముసలామె తాగి చూసి, పలక మీద నుంచి కొంచెం పక్కకు జరిగింది. అలివేలమ్మ పక్కన కూర్చుంది. ఆ తర్వాత లేవలేదు.

ఆమె పేరు నలుగురి నోళ్లలో పడింది ఇంకో రెండేళ్లకు. మొగుడు దొరస్వామి ముందురోజు మిగిలిన కల్లును ఆనాటి దాంట్లో కలిపి తెచ్చాడు. ఎక్కువ కాదు, నాలుగో వంతు. ఆమె ఒక గుక్క తాగి, మొగుడి మొహం చూసి, లొట్టి ఎత్తి అందరి ముందూ వెనక పోసింది. దొరస్వామి ఎనిమిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు, "ఉప్పెక్కువైంది" అన్నాడు కూర గురించి. అంతటితో ఆ సంగతి అయిపోయింది. కానీ ఆ కథ పలమనేరు సంత దాకా పోయింది. తర్వాతి రోజుల్లో అక్కడా ఇక్కడా కల్లులో మత్తుమందు కలుపుతున్నారనీ, ఒకసారి అలవాటు పడిన మనిషి మామూలు మనిషిగా మిగలడనీ తెలిసినప్పుడు, తాగే అలవాటున్న పెద్దమనుషులు దాసరమిట్ట దారి పట్టారు. వాళ్లు నమ్మింది చెట్లను కాదు, గీతగాళ్ల సంఘం లైసెన్సును కాదు. అలివేలమ్మ నోటిని.

ఆ నోరు రెండువేల ఇరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో పోయింది.

మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకేసారి కరోనా వచ్చింది. ఇద్దరూ చిత్తూరులో ఆస్పత్రిలో చేరారు. ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. వచ్చిన నాలుగో రోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే, పక్కింటామె పరిగెత్తుకొచ్చి దించింది. అలివేలమ్మ అదే గదిలో, పొయ్యికి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. దుఃఖంలో ఉందిలే అనుకుంది పక్కింటామె. నిజమే, దుఃఖమూ ఉంది. ఆ మర్నాడు అల్లం ముక్క నమిలింది. ఊదుబత్తి వెలిగించి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మండాయి, అంతే. ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు, కొందరికి ఆలస్యమవుతుంది, వస్తుంది అని. రాలేదు.

రెండు నెలల తర్వాత పాక తెరిచిన రోజు అందరూ వచ్చారు. దొరస్వామి కూర్చునే చోటు వదిలేసి కూర్చున్నారు. అతని అన్న మునిరామయ్య ఆరు లొట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె మొదటి ముంత ఎత్తి తాగింది. చల్లగా ఉంది. బుడగలు నాలుక మీద చురుక్కుమన్నాయి. అంతకుమించి ఏమీ లేదు, నీళ్లు తాగినట్టే. పదిహేను మంది ఆమె వైపే చూస్తున్నారు. ఆమె ముక్కుతో గాలి వదిలింది. "బాగుండాది" అంది. ఆలోచించి అన్న మాట కాదు, నలభై ఏళ్ల అలవాటు అన్న మాట.

మరుసటి రోజు చెప్పేద్దామనుకుంది. ఆ మరుసటి రోజు కూడా అనుకుంది. చెబితే ఏమవుతుందో ఆమెకు స్పష్టంగా తెలుసు. చెట్లు గీసే హక్కు సంఘంలో మగవాళ్ల పేరున ఉంది. దొరస్వామి వంతు చెట్లు అతని పినతండ్రి మనవడు భానుచందర్‌కు పోయాయి. పలక మీద ఆమె కూర్చుంటున్నది ఆమె నోరు నమ్మదగినది కాబట్టి. ఆ నోరు పోతే, అక్కడ ఎవరైనా కూర్చోవచ్చు. కూతురు కోమలి రేణిగుంటలో ఫ్యాక్టరీ పనికి పోతుంది. ఒకటే గది, దంపతులిద్దరికీ షిఫ్టులు. "వచ్చి మాతో ఉండమ్మా" అంటూనే ఉంటుంది. అక్కడికి పోయి ఏం చేయాలి? పొద్దున లేస్తే తన మాట కోసం పది మంది ఎదురుచూసే చోటు ఇది ఒక్కటే.

అందుకని ఇంకోరకంగా నేర్చుకోవడం మొదలుపెట్టింది. అప్పుడే దించిన కల్లు మీదికి తేనెటీగలు వస్తాయి. ఎండ ఎక్కి పులిసేకొద్దీ అవి పోయి, కంటికి ఆనని బుల్లి ఈగలు ముసురుతాయి. నురగ సన్నగా, దట్టంగా ఉంటే ఈనాటిది. పెద్ద పెద్ద బుడగలై పగిలిపోతుంటే దాంట్లో నీళ్లున్నాయి. లొట్టికి చెవి ఆనిస్తే లోపల సన్నగా చిటచిట వినబడాలి. అన్నిటికంటే నమ్మకమైనవి నల్లచీమలు. పాక గుంజ పక్కన వాటి బారు ఎప్పుడూ ఉంటుంది. రెండు చుక్కలు పక్కన వదిలితే, మంచి కల్లయితే ముంత కడిగేలోపు గుండ్రంగా మూగుతాయి. పంచదార లేని తీపిని అవి పట్టించుకోవు. శాకరిన్ బిళ్ల వేసి తీపి చేసిన దాని దగ్గరికి వచ్చి, మీసాలు ఆడించి, తిరిగి బారులో కలుస్తాయి. ఈ సంగతి ఆమె ఇంట్లో రెండు గిన్నెలు పెట్టి తేల్చుకుంది.

ఈ పరీక్షలన్నీ ఎవరికీ తెలియకుండా చేసేది. అది కూడా భానుచందర్ లొట్లకే. కుర్రతనం దాటని మనిషి, కొత్తగా మోటార్ సైకిల్ కొన్నాడు, తొందర ఎక్కువ. మునిరామయ్య బావ సంగతి వేరు. అరవై ఆరేళ్ల మనిషి, యాభై ఏళ్లుగా చెట్టెక్కుతున్నాడు, కొండకు మొక్కుకుని ముప్పై ఏళ్లుగా కల్లు చుక్క నోట పెట్టలేదు. ఆయన లొట్టిని పరీక్ష చేయడం అంటే ఆమెకు మనసొప్పలేదు. ఆయనది ఊరికే ఒక గుక్క తాగి, మాట అనేసేది.

ఒకసారి మాత్రం దొరికిపోయేదే. చక్రధర్ పన్నెండేళ్లు సరుకు ఓడల్లో వంటవాడిగా తిరిగి, రెండేళ్ల కిందట వచ్చి ఆవులు పెట్టాడు. పాలు కేంద్రానికి పంపాక అప్పుడప్పుడూ పాకలోకి వచ్చి కూర్చుంటాడు. తాగేది తక్కువ, చెప్పేది ఎక్కువ.

"ఫిలిప్పీన్స్ దేశంలో మన మాదిరే కొబ్బరిచెట్టు గీస్తారు. దాంట్లో ఒగ చెట్టు బెరడు పొడి కలపతారు. రగతం మాదిరి ఎర్రగా ఉంటాది. ఓడలో నాతో పని చేసినోళ్లంతా ఆ ఊరోళ్లే. ఇంటికి పోతే ముందు అదే తాగేది."

"ఎర్రకల్లా?" అన్నాడు పెంచలయ్య. ఆయన పలమనేరు పశువుల సంతలో బేరాలు కుదిర్చే మనిషి, డెబ్బై ఏళ్లుంటాయి. పదిహేనేళ్లుగా పాకలో మొదటి వరసలో మొదటి మనిషి.

"అదేంది, పెరూ దేశంలో ఆడోళ్లు మొక్కజొన్న నమిలి, కుండలోకి ఉమ్మి, దాన్ని పులియబెడతారంట. పాతకాలంలో అట్లనే చేసేదంట."

"ఉమ్మింది తాగతారా? మన సంతలో పక్కన ఉమ్మితేనే కొట్లాటకొస్తారు గదబ్బా."

నవ్వులయ్యాక చక్రధర్ సంచిలోంచి ఒక సీసా తీశాడు. "ఇది మెక్సికోది. తెలిసినాయన పంపించినాడు. ఆడ కలబంద మాదిరి మొక్క, మనిషి ఎత్తు ఉంటాది. దాని మొవ్వు తీసేసి గుంట చేస్తే నీళ్లూరతాయి. పొడుగాటి సొరకాయ బుర్రతో నోటితో పీల్చి తీస్తారు. అది కల్లు. పొద్దున తీసింది మాపటికే పాడైపోతాది, అచ్చం మనదే. ఇంగో రకం మొక్కను మట్టిలో కాల్చి, పులియబెట్టి, బట్టీ పెడితే ఈ సారా." మూత తీసి అలివేలమ్మ ముందు పెట్టాడు. "వాసన సూడత్తా. దీన్ని దేంతో కాల్చినారో నువ్వయితే చెప్పేస్తావు."

పాకలో అందరూ ఆమె వైపు తిరిగారు. సరదాకే తిరిగారు. ఆమె సీసా వైపు చూసింది. రంగులేని నీళ్లు.

"పొద్దున్నే కల్లు సూసే నోటితో ఇంగోటి సూడకూడదప్పా" అంది. "నోరు చెడతాది."

చక్రధర్ వెంటనే మూత పెట్టేశాడు, తప్పు చేసినవాడిలా. పెంచలయ్య అయితే దాన్ని శాస్త్రంగా తీసుకున్నాడు. మర్నాడు సంత నుంచి వచ్చిన ఇద్దరికి చెబుతుంటే ఆమె విన్నది: "ఈయమ్మ పొద్దున కాఫీ గూడా తాగదు. నోరు చెడతాదని." ఆమె అప్పటిదాకా రోజూ కాఫీ తాగేది. ఆ రోజు నుంచి మానేసింది.

మానేసిన కాఫీ గురించి ఆమెకు బాధ లేదు, దాంట్లోనూ రుచి తెలియదు కాబట్టి. కానీ ఆ ఒక్క అబద్ధం మీద ఇంకో మాట, ఆ మాట మీద ఒక అలవాటు, ఇలా పేరుకుంటూ పోవడం ఆమెను ఒక్కోసారి భయపెట్టేది. చక్రధర్ చెప్పిన ఆ దేశాలన్నిటిలోనూ, ఎర్రకల్లు దగ్గరా, కలబంద గుంట దగ్గరా, ఎవరో ఒకరు ముందు తాగి చూసే మనిషి ఉండే ఉంటారు. వాళ్లలో ఎవరికైనా నోరు పోతే ఏం చేస్తారో అడగాలనిపించేది. అడగడానికి వీల్లేని ప్రశ్న.

జనవరిలో ఒక ఆదివారం. గట్ల మీద మంచు ఇంకా విడలేదు. ఈతచెట్ల తలలు మాత్రమే కనబడుతున్నాయి. ఆదివారం కాబట్టి పాకలో జనం ఎక్కువ. పట్నం నుంచి వచ్చిన మేస్త్రీలు నలుగురు, చక్రధర్, పెంచలయ్య, ఇంకా పదిమంది దాకా ఉన్నారు. భానుచందర్ తెచ్చిన లొట్లు ఎడం పక్కన, మునిరామయ్య తెచ్చి పెట్టి పోయినవి కుడి పక్కన. అలివేలమ్మ ఎడం పక్కవాటిని ముంతలు సర్దే నెపంతో చూసుకుంది. నురగ బాగుంది. ఒక చుక్క గుంజ పక్కన వదిలింది. చీమలు మూగాయి. తర్వాత కుడి పక్క లొట్టి నుంచి ఒక గుక్క వంచుకుని తాగింది. "బాగుండాది" అంది.

పెంచలయ్య ముంత చాపాడు. ఆయనకెప్పుడూ మునిరామయ్య లొట్టిదే కావాలి. ఆమె పోస్తుంటే లొట్టి అంచు నుంచి కొంచెం కారి నేల మీద పడింది, గుంజకు ఇటు పక్కన. ఆమె తక్కినవాళ్ల ముంతలు అందుకుంటూ యథాలాపంగా అటు చూసింది.

భానుచందర్ లొట్టి నుంచి వదిలిన చుక్క చుట్టూ చీమలు నల్లటి పూసల్లా అతుక్కుని ఉన్నాయి. జానెడు దూరంలో ఇటు కారిన తడి దగ్గరికి ఒక చీమ వచ్చింది. మీసాలు ఆడించింది. వెనక్కి తిరిగింది. ఇంకొకటి వచ్చింది. అదీ తిరిగింది.

ఆమె వంగి చూసింది. తప్పు చూస్తున్నానేమో అనుకుని వేలితో లొట్టి అంచు తుడిచి ఇంకొక చుక్క నేరుగా బారు మధ్యలో వదిలింది. బారు రెండుగా చీలి, చుక్కను చుట్టి, అవతల మళ్లీ కలిసింది.

పెంచలయ్య సగం ముంత తాగి మూతి తుడుచుకుంటున్నాడు. ఆమె చేయి చాపి ఆయన చేతిలోని ముంత తీసుకుంది.

"ఏందమ్మణ్ణీ?"

"ఇది బాగలేదు. తాగొద్దు."

"ఇప్పుడే గదా తాగి బాగుండాదంటివి."

"తప్పు చెప్పినా."

నలభై ఏళ్లలో అలివేలమ్మ తన మాట వెనక్కి తీసుకోవడం ఎవరూ చూడలేదు. పెంచలయ్య ఆమె మొహంలోకి చూసి మెత్తగా అన్నాడు. "జలుబు చేసిందేమో అమ్మణ్ణీ. నిన్న సాయంత్రం మంచులో తిరగతా ఉండావు, నేను సూసినా."

అది ఆయన దయగా చాచిన చేయి. పట్టుకుంటే సరిపోయేది. జలుబు, నాలుగు రోజులు, మళ్లీ మామూలే. ఈ లొట్టి ఒక్కటి పారబోస్తే ఈరోజుకు తప్పు దిద్దుకున్నట్టే. ఆమెకు ఔననడానికి నోరు తెరుచుకుంది కూడా. అప్పుడు ఆయన మూతి మీద ఇంకా తడి కనబడింది. ఈరోజు ఇది శాకరినో, నీళ్లో. ఇంకోరోజు ఇంకేదైనా అయితే, అదీ ఈ నోటి గుండానే ఆ మూతి దాకా పోతుంది. చీమలు మత్తుమందును పసిగడతాయో లేదో ఆమెకు తెలియదు.

"జలుబు కాదన్నా" అంది. "కరోనా వచ్చినప్పట్నించీ నాకు వాసన తెలీదు. రుచి గూడా తెలీదు. ఏదీ తెలీదు."

మేస్త్రీల్లో ఒకడు నెమ్మదిగా అడిగాడు. "మరి ఇన్ని దినాలూ?"

"ఇన్ని దినాలూ అంతే."

పెంచలయ్య లేచి నిలబడ్డాడు. కోపం వస్తే గొంతు పెంచే మనిషి కాదు. సంతలో కూడా తక్కువ గొంతుతోనే బేరం తెంచేస్తాడు.

"మా తమ్ముడు మందు కల్లు తాగి తాగి యాడ పడి పోయినాడో నీకు తెలుసు. నేనే నీకు చెప్పినా, ఈ పలక మీదనే కూసోని. వాడి పీనుగ మోసినాక నేను ఇంగోచోట ముంత ముట్టలే. నీ నోరు సూసి గదా తాగింది."

"అవునన్నా."

"రెండున్నరేండ్లు."

"అవును."

ఆయన తుండు దులుపుకుని గట్టు వెంట వెళ్లిపోయాడు. మంచులో నాలుగు చెట్ల దాకా కనబడి, తర్వాత కనబడలేదు. తక్కినవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఒకరిద్దరు ముంతల్లో ఉన్నది తాగాలా పారబోయాలా తేల్చుకోలేక కింద పెట్టేశారు. చక్రధర్ ఆమె భుజం వైపు చేయి చాపి, మళ్లీ తీసుకున్నాడు.

భానుచందర్ మాత్రం పోలేదు. గుంజ దగ్గర గొంతుక్కూర్చుని చీమలను చూస్తున్నాడు. "అయితే ఈటి మీద పోసి సూస్తా ఉండావా పిన్నమ్మా?"

"ఊ."

"నా లొట్లేనా? పెదనాయనవి గూడానా?"

ఆమె చీమల బారు వైపు చూసింది. "నీవే" అంది చివరికి.

"దొంగను సూసినట్టు సూస్తావులే నన్ను, నేనెప్పుడూ అనుకుంటానే ఉంటి. సరేలే." లేచి మోటార్ సైకిల్ దగ్గరికి నడిచాడు. ఎక్కబోయి ఆగాడు. "నేనొక్క పూటన్నా నీళ్లు కలిపినానా?"

"లేదు."

"సరే మరి" అన్నాడు. బండి ఎక్కి పోయాడు.

మునిరామయ్య ఎండ వచ్చాక వచ్చాడు, చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ. పాక ఖాళీగా ఉంది. కుడి పక్క లొట్లన్నీ బోర్లించి ఉన్నాయి. పాక వెనక మట్టి తడిగా ఉంది. ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎన్ని దినాలుగా బావా?" అంది ఆమె.

ఆయన పలకకు అటు చివర కూర్చుని మోకాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. "కార్తీకం నించి. మోకాలు మడత పడలే. నాలుగు చెట్లు ఎక్కేసరికి ఇంగ లేవలేకపోతి. తక్కిన లొట్లల్లో ముందుదినందే పోసి, రొంత శాకరిన్ ఏసినా. దినామూ కాదు. నొప్పి ఎక్కువైన దినం."

"నాతో చెప్పుంటే?"

"చెప్పేదేంది. నీకు తెలుసనుకున్నా."

ఆమె తలెత్తి చూసింది.

"మొదటి దినం భయపడతానే తెచ్చినా" అన్నాడు మునిరామయ్య. "నువ్వు నా తమ్ముడిదే పారబోసినావు, నాదొక లెక్కా అనుకున్నా. అందరి ముందర పరువు పోతాదని చెట్టు సాటున నిలబడి సూస్తా ఉంటి. నువ్వు తాగినావు. బాగుండాదంటివి. నా కాలు సూసి ఊరుకున్నావనుకున్నా. ఇంటికి పోయి మీ అక్కతో గూడా చెప్పినా, అలివేలు మనసు ఎంత పెద్దదీ అని. ఇద్దరం ఏడిస్తిమి గూడా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వలేకపోయింది. ఆయన మోకాలు ఎప్పటినుంచి మడత పడటం లేదో ఆమె గమనించలేదు. కళ్లు ఎప్పుడూ నురగ మీద, ఈగల మీద, భానుచందర్ చేతుల మీద. ఆయన కాలీడుస్తూ లొట్లు తెచ్చి పెట్టి పోతుంటే తలెత్తి చూడాల్సిన అవసరం రాలేదు, నమ్మకం కాబట్టి. ఆమెలో ఏది పోయిందో దాన్ని ఆయన దయ అనుకున్నాడు. రెండు నెలలుగా, లేని ఆ దయకు ఆయన కృతజ్ఞతతో బతికాడు. తన సంగతి చెప్పిన నిమిషం నుంచి ఆయనకు అదీ ఉండదు.

ఆమె తన సంగతి చెప్పింది. రెండు మాటల్లో అయిపోయింది. మునిరామయ్య మోకాలి మీద నుంచి చేతులు తీశాడు.

"దొరస్వామికి తెలుసునా?"

"ఆయనకెట్ల తెలుస్తాది బావా. ఆయన పోయినాకనే గదా నాకు తెలిసింది."

"ఊ" అన్నాడు. కాసేపటికి మోకు విప్పి, చుట్ట చుట్టి, పలక మీద పెట్టాడు. "నేనింగ ఎక్కను."

నాలుగు రోజులు పాక తెరవలేదు. కోమలి ఫోన్ చేసి, విషయం ఎవరి ద్వారానో విని, "నాతో గూడా చెప్పలేదేమ్మా" అని ఏడ్చింది. సామాన్లు సర్దుకోమంది. అలివేలమ్మ సరేనంది, సర్దుకోలేదు. ఐదో రోజు సంఘంలోని నలుగురూ ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నారు. ఎవరిని కూర్చోబెట్టాలి అన్నది మాట. ఇద్దరి పేర్లు వచ్చాయి. ఆ ఇద్దరూ వద్దన్నారు. ఒకడైతే, ఆ పలక మీద కూర్చుంటే తనను చూసి ఎవడు తాగుతాడని అడిగాడు.

అలివేలమ్మ అప్పుడు గడపలో నిలబడి అంది. "పోసేది నేను పోస్తా. ముంతలు కడగతా. సూసేది నా పని కాదు ఇంగ. ఎవరు దించినారో వాళ్లే ముందు తాగాల, అందరి ముందర. తాగనోడు తేకూడదు."

"నీ మాట వింటే నువ్వు లేకపోయినా జరిగిపోతాది గదా" అన్నాడు సంఘం పెద్ద.

"జరిగిపోతాది" అంది.

భానుచందర్ లేచి, "రేపు ఆరుకు దింపతా" అని వెళ్లిపోయాడు. పోతూ ఆమె వైపు చూడలేదు.

పాక మళ్లీ తెరిచారు. మొదటి వారం అయిదారుగురికి మించి రాలేదు. భానుచందర్ లొట్లు దించగానే తనే ఒక ముంత నింపుకుని, పాక మధ్యలో నిలబడి, గటగటా తాగి, ముంత బోర్లించి చూపించేవాడు. మొదట్లో అందులో ఒక విసురు ఉండేది, ఎవరితోనో పందెం వేసినట్టు. తర్వాత్తర్వాత అలవాటైంది. మునిరామయ్య ఇంటి దగ్గరే ఈతాకుతో చాపలు అల్లుతున్నాడు. ఆయన చెట్లు కూడా భానుచందరే గీస్తున్నాడు.

అలివేలమ్మ ఉదయం కాఫీ మళ్లీ మొదలుపెట్టింది. వేడి తెలుస్తుంది, అది చాలు.

ఫిబ్రవరి మొదట్లో పెంచలయ్య వచ్చాడు. మొదటి వరసలో కూర్చోలేదు. పాక బయట, గట్టు మీద, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె ముంత నింపి తీసుకుపోయి పక్కన పెట్టి వచ్చింది. పలకరించలేదు, ఆయనా పలకరించలేదు. భానుచందర్ తాగింది ఓరగా చూసి, తర్వాత తన ముంత ఎత్తాడు. అలా మూడు రోజులు వచ్చాడు.

నాలుగో రోజు రోడ్డు మీద నుంచి ఒక కారు బాట దిగి వచ్చింది. బెంగళూరు నుంచి వస్తున్నవాళ్లు, భార్యాభర్తలు. ఆయన దిగి, పాకలోకి తొంగి చూసి, ఇక్కడ మంచి కల్లు దొరుకుతుందని పలమనేరులో చెప్పారన్నాడు. "తాగి చూసి చెప్పే ఆవిడ ఉందట కదా. మీరేనా?"

"నేను కాదప్పా" అంది అలివేలమ్మ. "నాకు తెలీదు. తాగేవాళ్లను అడుగు."

ఆయన తెల్లబోయి చుట్టూ చూశాడు. భానుచందర్ రెండో విడత దింపడానికి పోయాడు. పాకలో ఉన్న ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కారాయన చేతిలో ఖాళీ ముంత అటూ ఇటూ తిప్పుతున్నాడు. వెనక్కి పోదామా అన్నట్టు భార్య వైపు చూశాడు.

"ఎడం పక్కది పోయించుకో" అన్నాడు పెంచలయ్య గట్టు మీద నుంచి, తల తిప్పకుండా. "రెండూ తాగి సూసినా. కుడి పక్కది ఇంగా పులవలే. నీళ్ల మాదిరి ఉండాది."

అలివేలమ్మ ఎడం పక్క లొట్టి వంచింది.